పడవకు చివరి పసుపు

పది రోజులు మా చేపలావిడ రాలేదు. పదకొండో రోజు గేటు దగ్గర వేరే గొంతు వినిపించింది. ఆ కొత్తావిడ కూడా ఆవిడ ఉండే జాలర్ల పాలెం మనిషే. బుట్ట దించుకుని, కానాగంతలు తూకం వేస్తూ, ఒక పెద్ద చేప తీసి దాని బదులు చిన్నది వేస్తూ ఆ కబురు చెప్పింది. నాలుగు రోజుల జ్వరంతోనే పోయిందట. ఆస్పత్రికి పోదామంటే కదల్లేదట. అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డబ్బులు నేనే ఇచ్చి పంపాను.

ఆ సాయంత్రం నా పాత డైరీలు తీశాను. మూడేళ్లలో ఆవిడ గురించి చాలానే రాసుకున్నాను గాని, ఆవిడ ఎప్పుడు పుట్టింది, ఎక్కడ పెరిగింది లాంటివి ఒక్క పేజీలోనూ లేవు. కూతుర్ని గంజాం వైపు ఇచ్చారని మాత్రం ఒక చోట ఉంది. మిగతావన్నీ ఆవిడ అన్న మాటలూ, చేసిన పనులూ. పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డు మీద చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆ పేరంటే ఆవిడకి ఇష్టం లేదు కాబట్టి ఇక్కడ రాయను. అమ్మ ఆవిణ్ణి వదినా అనేది. నాకు అత్త.

మాది ఎచ్చెర్ల దగ్గర ఒక కాలనీ. ఆవిడ పాలెం నుంచి హైవే దాకా షేర్ ఆటోలో వచ్చి, అక్కణ్ణించి బుట్ట నెత్తికెత్తుకుని నడిచేది. మిగతావాళ్లలా చేపల పేర్లు అరిచేది కాదు. ఇళ్లను పిలిచేది. "మూడో ఇల్లూ, నెత్తళ్లు ఒచ్చినాయి. మేస్టారుగోరూ, మీకు ఈయాల ఏటీ నేదు, పడుకోండి." ఏ ఇంట్లో ఏ చేప తింటారో, ఏ ఇంట్లో ముల్లుకి భయపడతారో, ఎవరికి ఏ వారం పనికిరాదో ఆవిడ నోట్లో ఉండేది. చందువాలు మూడే దొరికిన రోజున మూడిళ్ల ముందే ఆగేది. నాలుగో ఇంటావిడ కిటికీలోంచి చూసి అలిగితే, మీ ఆయన బదిలీ మీద ఎల్లిపోతాడు గదా, మీకు అలవాటు సేసి నాను పాపం మూటగట్టుకోలేను అనేది.

బేరమాడితే నొచ్చుకునేది కాదు. "సముద్రానికి సెప్పండి, అది తగ్గిత్తే నానూ తగ్గిత్తాను," అని చేపను మళ్లీ బుట్టలో పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పేది. పిల్లను పడుకోబెట్టి దుప్పటి కప్పినట్టుండేది. ఆ గుడ్డ కప్పడం చూస్తే ఎవరికైనా కొనాలనిపించేది. అది ఆవిడకి తెలుసు.

మా అరుగు మీద చేప కోసేటప్పుడు కత్తిపీట ముందు కూర్చుని నాతో మాట్లాడేది. నాతో అంటే, ఆవిడే మాట్లాడేది. నాకు ఎవరితోనైనా నాలుగు మాటలు కలపడం కష్టం. అది ఆవిడ మొదటి వారంలోనే పట్టేసింది. అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలే అడిగేది. నా జవాబు రాగానే మిగతా కథంతా తనే అల్లుకుపోయేది. చేతిలో పుస్తకం ఉంటే మాత్రం వదిలేది కాదు.

"ఒలే గుంటా, ఆ పొత్తంలో ఏటున్నాది, మనుసులేనా?"

అవునంటే ఆ మనుషులకి ఏమైందో చెప్పమనేది. పుస్తకం గురించయితే నాకు మాటలు బాగానే వచ్చేవి. ఒకసారి ఒక నవలలో ఒకమ్మాయి వానలో ఇల్లు వదిలి వెళ్లిపోయిందని చెప్పాను. అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపి, గొడుగట్టుకెల్లిందా అంది. నవలలో ఆ సంగతి లేదన్నాను. రాసినోడికి తెల్దన్నమాట అని, చేప తల తీసి పక్కన పెట్టింది. ఇప్పటికీ నేను ఏది చదువుతున్నా అలాంటి గొడుగు ఒకటి వెతుక్కుంటాను.

ఆవిడ మణికట్ల మీద ఎప్పుడూ నాలుగైదు పొలుసులు అంటుకుని మెరుస్తుండేవి. వేళ్లు ఉప్పునీటికి నాని, పొలుసు గీకీ గీకీ నున్నగా అరిగిపోయాయి. బ్యాంకు మిషను మీద వేలు పెడితే పడేది కాదు. ఫోను తెర మీద కూడా పలికేది కాదు. అందుకే ఫోను నా చేతికిచ్చి, నీ ఏలు ఎయ్ అనేది. అలా ఆవిడ ఫోనులో పనులన్నీ నా మీద పడ్డాయి. గ్యాసు బుక్ చెయ్యడం, కూతురికి డబ్బు పంపడం, ఎవరో పంపిన దేవుడి వీడియోలు తీసెయ్యడం.

ఆవిడ డబ్బు కథ అక్కణ్ణించే మొదలైంది.

భర్త పోయాక ఆవిడ పడవను అమ్మేసింది. ఎలా అమ్మిందో మా అరుగు మీదే చెప్పింది. వాళ్ల పాలెంలో, ఆ చుట్టుపక్కల ఒడ్డంతా ఒక పద్ధతి ఉంది. పడవ చేతులు మారేటప్పుడు, అమ్మే ఇంటి ఆడమనిషి తన చేత్తో పడవ ముందు కొమ్ముకి చివరిసారి పసుపు పూసి, బొట్టు పెట్టి, భుజం ఆనించి నీళ్లలోకి నెట్టాలి. అది జరగని పడవను ఎవరూ ఎక్కరు. నెట్టే ఆడమనిషి ఇష్టంగా నెట్టాలి. ఏడుస్తూ నెడితే ఆ రోజుకి ఆపేస్తారు, ఇంకో రోజు చూసుకుంటారు. ఆవిడ విషయంలో రెండుసార్లు ఆపాల్సి వచ్చిందట. మూడోసారి మాత్రం, "నవ్వినాను. కొన్నోడి పెల్లాం కొత్తసీర కట్టుకుని కెరటంలో పడిపోనాది మరి," అంది.

ఆ డబ్బు బ్యాంకులో ఉంది. దాన్ని దేనికి దాచిందో కూడా నాకు తెలుసు. అప్పటికే మెడ ఎముకలు అరిగాయని శ్రీకాకుళం డాక్టరు బుట్ట ఎత్తొద్దన్నాడు. పాలెంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి, ఐసు పెట్టెలు పట్టే చిన్న ట్రక్కు ఆటో కొనాలని ఆవిడ ఆలోచన. తన వాటాకి ఉన్న డబ్బు చాలదు, ఇంకొంచెం కావాలి. బ్యాంకులో పెడితే ఆ కొంచెం పెరిగేసరికి నా మెడ ఉండదు అనేది.

అప్పుడే పొదుపు సంఘంలో ఎవరో ఒక యాప్ గురించి చెప్పారు. మన దగ్గరున్న డబ్బును అవసరమున్నవాళ్లకి నేరుగా అప్పుగా ఇవ్వొచ్చు. ఒక్కో అప్పుకి చాలామంది కలిసి ఇస్తారు. మధ్యలో కంపెనీ చూసుకుంటుంది. తీసుకున్నవాడు ఏదో ఒక వస్తువు తాకట్టు పెడతాడు. దాని ఫొటో తెర మీద కనిపిస్తుంది. వడ్డీ నెలనెలా వస్తుంది. ఆవిడ నా చేత ఆ యాప్ తెరిపించింది.

ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. బంగారు గొలుసు. "ఎవుల్దో మెడలోది, వొద్దు." ట్రాక్టరు. "నాకేటి తెల్సు దాని సంగతి." వడ్లు ఆడించే మిషను. తల అడ్డంగా ఊపింది. తర్వాత ఒక ఫైబర్ పడవ వచ్చింది. ఇంజను వెనక్కి ఎత్తి, ఇసకలో వాలి ఉంది. ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టింది. చాలాసేపు చూసింది.

అప్పు తీసుకున్నవాడి పేరు యాప్‌లో లేదు, నంబరు ఒక్కటే ఉంది. ఆవిడకి పేరు అక్కర్లేదు. వెనకాల ఉన్న ఇసక దిబ్బను బట్టి ఊరు చెప్పింది. పడవ అంచుకి ఉన్న నీలం గీతను బట్టి మనిషిని చెప్పింది. తమ పాలేనికి ఉత్తరాన రెండో ఊరు. బుద్ధిమంతుడు, తాగడు, వాడి తండ్రిని కూడా ఎరుగుదును అంది. డబ్బును కొద్దికొద్దిగా నలుగురికి పంచి ఇవ్వమని యాప్ సలహా ఇస్తోందని చదివి చెప్పాను. పడవ అమ్మిన డబ్బు పడవలోనే ఉండాలని ఆవిడ మాట. అంతా దాని మీదే పెట్టమంది.

చివరి మీట నొక్కే ముందు అడిగింది.

"ఆడు కట్టకపోతే?"

"తాకట్టు ఉంది కదత్తా. పడవ అమ్మి ఇచ్చేస్తారు. భయం లేదు."

తాకట్టు ఉందని యాప్‌లో రాసుంది. అమ్మి ఇస్తారని కూడా ఉంది. భయం లేదన్నది ఎక్కడా లేదు, అది నేను కలిపిందే. నేను మాట్లాడే కొద్ది మాటల్లో ఒకటి కాబట్టి ఆవిడ దానికి విలువిచ్చిందని తర్వాత అర్థమైంది. ఆ రోజు డైరీలో మాత్రం, ఈ రోజు అత్తకి ఒక సాయం చేశాను అని రాసుకున్నాను.

ఏడు నెలలు వడ్డీ సరిగ్గా వచ్చింది. వచ్చిన రోజున ఫోను మా గేటు మీద పెట్టి, సదువు అనేది. చదివితే తల ఊపి వెళ్లిపోయేది. ఎనిమిదో నెల రాలేదు. తొమ్మిదో నెల తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ మనిషి వలలు పెద్ద బోటు కింద పడి తెగిపోయాయని ఆవిడే కనుక్కొచ్చింది. కొత్త వలలకి అప్పు చేసి, ఆ అప్పు తీరుస్తూ ఈ అప్పు కట్టలేకపోయాడు. పదకొండో నెలలో కంపెనీవాళ్లు లారీ తెచ్చి, క్రేనుతో పడవనెత్తి పట్టుకుపోయారు.

ఆ వార్త తెచ్చిన రోజు ఆవిడ చేపలు కొయ్యలేదు. అరుగు మీద ఊరికే కూర్చుంది. ఒడ్డున అప్పులు ఎలా నడుస్తాయో ఆ రోజే నాకు తెలిసింది. చేపలు కొనే షావుకారు అప్పిస్తాడు. పడవ ఒడ్డుకి వచ్చినప్పుడల్లా చేపల్లో కొంత పట్టుకుంటాడు. ధర తగ్గించి రాస్తాడు, మోసం చేస్తాడు, తిడతాడు. పదేళ్లయినా అప్పు తీరదు. కాని పడవ జోలికి మాత్రం పోడు. పడవ పోతే చేపెక్కడిది, చేప లేకపోతే బాకీ ఎక్కడిది. తాతల నాటి నుంచీ అంతే. కంపెనీ మాత్రం ఒడ్డు మీద ఎవరూ ముట్టని ఆ ఒక్కదాన్నే తాకట్టు పట్టింది.

"నాకు తట్టనేదే గుంటా," అంది. "పడవనట్టుకెల్తారని ఎవులనుకుంటారు. మా కాడ అలాటిది నేదు. ఎప్పుడూ నేనిదాన్ని ఎలాగ అనుకుంటాం."

ఆవిడ వయసంతా ఆ ఒడ్డు మీదే గడిచింది. తెలియక పొరబడింది నేను. ఆవిడ మాత్రం మరీ ఎక్కువ తెలిసి పొరబడింది.

వేలం నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. నెల్లిమర్ల వెళ్లే దారిలో ఒక ఖాళీ గోడౌను ఆవరణ, ఫలానా రోజు ఉదయం పదిన్నరకి. అర్థం చెప్పాను. ఆవిడ వేళ్ల కణుపులు లెక్కపెట్టి, ఎల్లుండా అంది. తర్వాత నన్ను తోడు రమ్మంది. వేలానికి కాదు, అంతకు ముందు ఇంకో చోటికి.

ఆ మధ్యాహ్నం యూనివర్సిటీలో క్లాసు ఎగ్గొట్టి ఆవిడతో వెళ్లాను. పడవ మనిషి ఇల్లు ఊరి చివర, ఇసకలోకి వెళ్లే చోట. అతను లేడు, ఇంకొకరి పడవలో కూలికి పోయాడు. భార్య ఉంది. నా వయసే ఉంటుంది. వల మీద నెత్తళ్లు ఆరబోసి కాకుల్ని తోలుతోంది. అత్తను చూడగానే లేచి లోపలికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఆ డబ్బులో ఈవిడ వాటా ఉందని ఒడ్డంతా తెలుసు.

అరగంట ఆ ఇద్దరూ వేరే సంగతులే మాట్లాడుకున్నారు. గాలి ఎటు తిరిగింది, ఐసు ధర ఎంత, ఆ అమ్మాయి తమ్ముడికి సంబంధం కుదిరిందా. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. లేవబోతూ అత్త అడిగింది.

"ఎల్లుండి పాట. మనోల్లు నలుగురైదుగురు ఒస్తన్నారు. నువ్వొచ్చి సివరి పసుపు పూత్తే అమ్ముడవుద్ది. నెట్టడం తరవాత సముద్రం కాడ సూసుకుంటారు. నేకపోతే ఎవులూ ముట్టరు."

ఆ అమ్మాయి వల మీద వాలిన కాకిని తోలింది. తర్వాత, "నువ్వడిగినావు గదా అత్తా. ఒస్తాను," అంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త చాలా హుషారుగా ఉంది. హైవే మీద నాకు నిమ్మ సోడా ఇప్పించింది. ట్రక్కు ఆటోకి ఏ రంగు బాగుంటుందని అడిగింది. పచ్చ రంగన్నాను. పచ్చ అయితే ఈగలొత్తాయి అంది. ఎందుకొస్తాయో చెప్పలేదు. ఆవిడ చేసింది తప్పని ఆ రోజు నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే నాకూ అది కావాలి. పడవ అమ్ముడైతే నేనన్న మాట నిలబడుతుంది.

వేలం రోజు విజయనగరం దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకోటి. గోడౌను ఆవరణలో రెండు ట్రాక్టర్లు, టైర్లు లేని ఆటో, ఏదో కోత మిషను, వాటి మధ్యలో ఆ పడవ. దాని చుట్టూ గడ్డి మొలిచింది. సముద్రం ఎక్కడో పాతిక ముప్పై కిలోమీటర్ల దూరాన ఉంది. అత్త దాన్ని చూసి, పెళ్లికొచ్చి భోజనాల చోటు తెలియని మనిషిలా ఉందని నా చెవిలో అంది.

కంపెనీ కుర్రాడు టై కట్టుకుని, కాగితాల అట్ట పట్టుకుని ఉన్నాడు. ఒడ్డు మీది రెండు ఊళ్ల నుంచి ఐదుగురు మగవాళ్లు వచ్చారు. వాళ్లు ఇంజను ఎత్తి చూశారు, అడుగుభాగం వేళ్లతో కొట్టి విన్నారు. కుర్రాడు పడవ రన్నింగ్ కండిషన్‌లో ఉందన్నాడు. ఒకాయన గడ్డిలోకి వంగి కాసేపు వెతికి, రన్నింగా, దీనికి కాల్లేవి బాబూ అన్నాడు. అందరూ నవ్వారు, కుర్రాడు కూడా. వాతావరణం బాగానే ఉంది. పడవ బాగుంది, ధర తక్కువ. కొనాలన్న కోరిక వాళ్ల ముఖాల్లో కనిపిస్తూనే ఉంది.

ఆ అమ్మాయి కొంచెం ఆలస్యంగా, ఒక్కతే వచ్చింది. పసుపు కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకుంది. గ్లాసులో నీళ్లడిగింది. కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు గాని మంచినీళ్ల సీసా ఇచ్చాడు. ఆమె అరచేతిలో పసుపు కలుపుకుని పడవ కొమ్ము దగ్గరికి వెళ్లింది. ఏడవలేదు. ముఖంలో ఏమీ లేదు. చెయ్యి ఎత్తి కొమ్ముకి ఆనించింది.

వచ్చినవాళ్లలో పెద్దాయన, అందాకా ఇంజను దగ్గర కూర్చున్నవాడు, లేచి వచ్చాడు.

"అమ్మా, ఇట్టపడే పూత్తన్నావా?"

"ఇట్టపడే మావా," అంది ఆ అమ్మాయి. వెనక్కి తిరగలేదు.

ఆయనకి అది చాలలేదు. అత్త వైపు తిరిగాడు. ఆయన అడగడంలో అనుమానం ఏమీ లేదు. ఒడ్డు మీద పెద్ద ఆడమనిషిని అడగడం మర్యాద, అంతే.

"నువ్వు సెప్పు ఒదినా. ఈ పిల్ల ఇట్టపడే ఒచ్చిందా? నువ్వు అవునంటే నాను పాట మొదలెడతాను."

అత్త పమిట చెంగు తీసి ముఖం తుడుచుకుంది. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. ఆవిడ మెడ మీద, బుట్ట బరువుకి లేచిన గట్టి కండ కదలడం చూశాను. ఔనంటే చాలు. ఆ అమ్మాయి అనేసింది, ఎవరూ ఇంకేమీ అడగరు. ఔనను అత్తా అని నేను మనసులో అనుకున్నాను. అది నా డైరీలో ఉంది, కొట్టేయలేదు.

"నేదు," అంది అత్త. "నాను ఇంటికెల్లి అడిగినాను. పెద్దదాన్ని అడిగితే కాదననేక ఒచ్చింది."

పెద్దాయన పడవ అంచుని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. తర్వాత గేటు బయటికెళ్లి టీ బడ్డీ దగ్గర నిలబడ్డాడు. మిగతా నలుగురూ ఆయన వెనకే వెళ్లారు. కుర్రాడు ధర చదివాడు. మళ్లీ చదివాడు. తగ్గించి చదివాడు. ఎవరైనా స్టార్ట్ చెయ్యండి సార్ అని గేటు వైపు కేకేశాడు. చివరికి ఫోను తీసి ఎవరితోనో, రేటు ప్రాబ్లమ్ కాదు సార్, ఇంకేదో ఉంది అని చెప్పడం వినిపించింది.

ఆ అమ్మాయి పసుపు చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని ఉంది. అత్త వెళ్లి, సీసాలో మిగిలిన నీళ్లు పోసి, తన చీర చెంగుతో ఆ చెయ్యి వేళ్ల సందుల్లో కూడా తుడిచింది. ఎందుకలా సెప్పినావత్తా, నీ డబ్బు పోనాది గదా అని ఆ అమ్మాయి గొణిగింది. అత్త మాత్రం, అన్నం తినొచ్చినావా అని అడిగింది.

ముగ్గురం ఒకే సీట్లో తిరిగొచ్చాం. శ్రీకాకుళం బస్సులో ఆ అమ్మాయి అత్త భుజం మీద నిద్రపోయింది. మెడ నొప్పి వస్తుందని తెలిసీ అత్త భుజం కదపలేదు. దారి పొడవునా కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఇక్కడ నీరు నిలిచిపోనాది, ఇక్కడ ఊడ్పులు అయిపోనాయి అని తనలో తను అనుకుంటూ వచ్చింది. నేను నా మాట ఒకటి చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచాను. ఎచ్చెర్ల వచ్చేసింది.

మరో రెండు వేలాలు పెట్టారట, ఎవరూ రాలేదు. తర్వాత ఇంజనొక్కటీ ఎవరో పై ఊరివాళ్లు కొన్నారు. లారీ ఖర్చు, క్రేను ఖర్చు, ఆవరణ అద్దె పట్టుకోగా, అప్పిచ్చిన వాళ్లందరికీ మిగిలింది పంచారు. అత్త వాటాకి రెండు పెద్ద చందువాల ఖరీదు వచ్చింది. ఆ తర్వాత యాప్‌లో ఆ అప్పు ఎదురుగా ముగిసిందని ఒక మాట, బూడిద రంగులో. తోటి ఆడవాళ్లిద్దరూ కొన్నాళ్లు చూసి, వేరే మూడో మనిషిని కలుపుకుని ట్రక్కు ఆటో కొనుక్కున్నారు. హైవే దాకా ఉచితంగా ఎక్కించుకుంటామని అన్నారట. అత్త ఎక్కేది, డబ్బులిచ్చే ఎక్కేది.

వేలం అయిన మర్నాడు కూడా ఆవిడ మామూలుగానే వచ్చింది. మూడో ఇంటిని పిలిచింది, మేస్టారుగారిని పడుకోమంది. మా ఇంటి ముందు కవళ్లు తూచి ఇచ్చి, చెయ్యి వెయ్యమని అమ్మను పిలిచింది. బుట్ట నెత్తికెత్తుకోవాలంటే అవతలి వైపు ఒకరు పట్టాలి. అమ్మ స్నానంలో ఉంది. నేను వెళ్లాను. గేటు దగ్గర ఇద్దరమే.

రాత్రంతా అనుకున్న మాటలేవీ రాలేదు. ఒక్కటే వచ్చింది.

"భయం లేదని చెప్పింది నేనే కదత్తా. నా మీద కోపం ఉందా?"

ఆవిడ తల మీద గుడ్డ చుట్ట సర్దుకుంటూ నన్ను చూసింది. తొందరేమీ లేకుండా, చేప కళ్లు చూసి తాజాదో కాదో తేల్చుకునే చూపు.

"ఉన్నాది," అంది. "ఎందుకుండదు. అటేపు పట్టు."

పట్టాను. అంత బరువుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. మోకాలి దాకా లేపేసరికి బుట్ట నా వైపు వాలింది, చేపల నీళ్లు నా చేతుల మీదుగా మోచేతుల దాకా కారాయి. ఆవిడ మోకాళ్లు వంచి తల కిందకి పెట్టింది. బరువు నా చేతుల్లోంచి ఆవిడ మెడ మీదకి దిగడం నాకు తెలిసింది. ఆవిడ ఒకసారి కళ్లు మూసుకుని, నిలదొక్కుకుని, చెయ్యి వదిలి నడిచింది.

ఆ రోజు నుంచి, ఆ ఆఖరి వారం దాకా, బుట్టకి అవతలి వైపు నేనే పట్టాను.